అనంతపురం వానే అడిలైడ్‌లోనూ పడుతుందంట, మరి అక్కడ ద్రాక్ష ఎట్లా నిలిచింది?

చీనీతోట
21 ఫిబ్రవరి 2025, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. ఏడెకరాల చీనీ తోట ఉంది. అంతకుముందు మూడెకరాల ద్రాక్ష పందిరి ఉండేది. బోర్లు ఎండిపోయి 2003లో కొట్టేసినాం.

మా అమ్మాయికి, అల్లుడికి ఆస్ట్రేలియా వీసా వచ్చింది. సిడ్నీ, మెల్‌బోర్న్ కాదంట, అడిలైడ్ అంట. సౌత్ ఆస్ట్రేలియా అనే రాష్ట్రానికి రాజధాని. "అది వైన్ స్టేట్ మామా, ఆస్ట్రేలియా వైన్‌లో సగం అక్కడిదే" అన్నాడు అల్లుడు. ఊర్లో ఆ మాట చెప్పుకోలేక పండ్ల తోటల సీమ అని చెప్తున్నా.

నా సందేహం వేరే. అడిలైడ్‌లో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ అని చూసినా. మా అనంతపురం లెక్క కూడా అంతే! ఆ వానతో మాకు శెనక్కాయ కూడా నమ్మకంగా చేతికి రాదు. వాళ్లేమో నూటయాభై, నూటఎనభై ఏండ్ల ద్రాక్ష చెట్లు పెట్టుకుని కూర్చున్నారంట. ఎట్లా? ఇంకోటి, ద్రాక్ష తప్ప అక్కడ ఏం బతుకుదెరువు ఉంది? తెలిసినోళ్లు చెప్పండి.

నిశాచరి
21 ఫిబ్రవరి, రాత్రి 8:31

కూతురు ఉద్యోగం కంటే ముందు వాన లెక్క అడిగారు. రైతు అనిపించుకున్నారు బాబాయ్.

మ్యాపుల మాష్టారు
21 ఫిబ్రవరి, రాత్రి 9:50

ముప్పై ఏళ్లు భూగోళం చెప్పాను. ఏ పిల్లాడూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు.

వాన ఎంత పడిందన్నది సగం లెక్కే అండీ. ఎప్పుడు పడిందన్నది మిగతా సగం. మీ వాన చాలావరకు ఆగస్టు నుంచి అక్టోబరు లోపల, నేల ఇంకా వేడిగా ఉన్నప్పుడు పడుతుంది. నాలుగు గట్టి వానలు, మధ్యలో ఇరవై రోజులు ఎండ. అడిలైడ్‌కి చలికాలంలో వాన. వాళ్ల చలికాలం మన జూన్, జులై, ఆగస్టు. అప్పుడు మధ్యాహ్నం కూడా 15, 16 డిగ్రీలే. ఆవిరయ్యేది తక్కువ, ఇంకేది ఎక్కువ. పైగా ఆ నెలల్లో ద్రాక్ష తీగకు ఆకు ఉండదు, నీళ్లు తాగదు. నేల దాచిపెట్టిన తేమను సెప్టెంబరులో చిగురు వేశాక నెమ్మదిగా తోడుకుంటుంది. ఎండాకాలం పొడిగా పోతుంది కాబట్టి కాయ పండే వేళకు వాన భయం లేదు. పగుళ్లు తక్కువ, బూజు తక్కువ. మధ్యధరా శీతోష్ణస్థితి అని బడిలో బట్టీ పట్టించేవాళ్లం, దాని అర్థం ఇంతే.

కానీ అల్లుడి గారి మాట విని రాష్ట్రమంతా తోటలే అనుకోకండి. సౌత్ ఆస్ట్రేలియా విస్తీర్ణం 9.8 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే 2.75 లక్షలు, అంటే మూడున్నర రెట్లు పెద్దది. జనం మాత్రం సుమారు 19 లక్షలు. మీ ఉమ్మడి అనంతపురం జిల్లా జనంలో సగం కూడా కాదు. అందులోనూ నలుగురిలో ముగ్గురు అడిలైడ్‌లోనే. ద్రాక్ష వేసిన నేల సుమారు 75 వేల హెక్టార్లు. మొత్తం భూమిలో వెయ్యో వంతు కూడా లేదు! దక్షిణాన సముద్రాన్ని, ముర్రే నదిని పట్టుకుని వేలాడే సన్నటి పచ్చ అంచు అది. పైనంతా ఎడారి, ఉప్పు సరస్సులు, గొర్రెలు. అక్కడి ఐర్ సరస్సు అడుగు సముద్ర మట్టానికి 15 మీటర్ల దిగువన ఉంటుంది, ఆస్ట్రేలియాలో అన్నిటికంటే పల్లం. ఏళ్ల తరబడి ఎండిపోయి ఉండి, ఎప్పుడో ఉత్తరాన వరదొస్తే నిండుతుంది.

వరంగల్ టు వింటేజ్
21 ఫిబ్రవరి, రాత్రి 11:20

అన్నా, నేను చదువుకుంటున్నప్పుడు బరోసా వ్యాలీలో రెండు సీజన్లు చేసిన. అక్కడ కోత కాలాన్ని వింటేజ్ అంటరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఇప్పుడు సరిగ్గా అదే నడుస్తున్నది.

మీరనే ముసలి చెట్లు నేను చూసిన. పందిరి లేదు, ఇనప తీగ కూడా లేదు. మన చింతమొద్దు లెక్క నల్లగా మెలికలు తిరిగిన కాండం, నడుము ఎత్తు ఉంటది. లాంగ్‌మైల్ అనే చోట 1843లో నాటిన షిరాజ్ అనే నల్ల ద్రాక్ష రకం ఇంకా కాస్తున్నది. చాలా ముసలి తోటలు మొదట్నుంచీ వానాధారమే. వేళ్లు లోపల బంకమట్టి దాకా పోతయి. కానీ మీరు దిగుబడి అడిగితే నవ్వుతరు. మీ పందిరికి పది టన్నులు వచ్చిన చోట వాళ్లకు ఒకటి, రెండు వస్తే గొప్ప. కాయ చిన్నగ, తోలు మందంగ ఉంటది, ధర దానికే.

కోత ఎక్కువగా రాత్రిపూట, మిషన్‌తో. రెండు కాళ్ల మధ్య వరసను పెట్టుకుని పోయే ఎత్తు బండి అనుకోండి. లోపల కడ్డీలు చెట్టును ఊపుతయి, కాయ రాలి బెల్టు మీద పడతది. పగలు 38, 40 డిగ్రీలుంటే కాయ వేడెక్కి రసం చెడుతది, అందుకని రాత్రి రెండింటికి లైట్లు వేసుకుని కోస్తరు. పొద్దున అయిదింటికి లారీ తూకానికి వచ్చేసరికి నేను గొట్టాలు కడుగుతూ ఉండేటోన్ని. చేతులు వారం దాకా వంకాయ రంగే. తీపి లెక్క కూడా మనలెక్క బ్రిక్స్ కాదు, బోమే అంటరు. షిరాజ్ 13, 14 బోమే వచ్చిందంటే కోతకు బండి పిలిచినట్టే.

చీనీతోట
22 ఫిబ్రవరి, ఉదయం 6:05

మాష్టారూ, తమ్ముడూ, మీ ఇద్దరికీ దండాలు. ఆకు రాలుతుందని నాకు తట్టనే లేదు. మా దగ్గర ద్రాక్ష నిద్రపోదు కదా. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి రెండు కత్తిరింపులు వేసి చెట్టును బలవంతంగా లేపేవాళ్లం. అట్లా పన్నెండు, పదిహేనేండ్లకే చెట్టు అలసిపోయేది. వాళ్ల చెట్టు ఏటా నాలుగు నెలలు పడుకుంటోంది. నూటఎనభై ఏండ్లు ఎందుకు బతకదు!

అయితే అందరూ వానాధారమేనా? నదీ కాలువా ఏమీ లేదా?

గోదారమ్మాయి
22 ఫిబ్రవరి, ఉదయం 7:40

బాబాయ్ గారూ, నేను తొమ్మిదేళ్లుగా అడిలైడ్‌లో ఉంటున్నాను. వృద్ధుల సంరక్షణలో పని. మీ అమ్మాయి ఏం చదివిందో చెప్పలేదు. నర్సింగ్ గానీ, ఫిజియో గానీ అయితే టెన్షన్ పడకండి. ఈ రాష్ట్రంలో ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చేది వైన్ కాదు, వైద్యం, ముసలివాళ్ల సంరక్షణ. మా పనిచోట ఒక్కో షిఫ్టులో ముగ్గురు, నలుగురు మనవాళ్లే.

మనవాళ్లు ఇక్కడికి ఎందుకు ఎక్కువ వస్తున్నారంటే, 2019 నవంబరు నుంచి అడిలైడ్ మొత్తాన్ని వలస నిబంధనల్లో 'రీజినల్', అంటే మహానగరం కాని ప్రాంతం కింద లెక్కేస్తున్నారు. వీసాకు పాయింట్లు కలిసొస్తాయి. నగరం బాగుంటుంది. 1836లో ఈ కాలనీ పెట్టినప్పుడు కర్నల్ లైట్ అనే సర్వేయరు గీసిన ప్లాను ఇప్పటికీ అలాగే ఉంది. నడిబొడ్డున గళ్లు గళ్లుగా వీధులు, చుట్టూ పార్కుల పట్టీ. ఖైదీలను తెచ్చి దింపని కాలనీ అని ఇక్కడివాళ్లు ఇప్పటికీ కాస్త గర్వంగా చెప్పుకుంటారు.

ఫోన్ విషయం ముందే చెప్తున్నా. మన టైముకి వీళ్లు సరిగ్గా నాలుగు గంటలు ముందు. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా అయిదు గంటలు. మీరు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే అమ్మాయి నిద్రలో ఉంటుంది. మా అమ్మ తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఇదే తప్పు చేస్తోంది.

మ్యాపుల మాష్టారు
22 ఫిబ్రవరి, ఉదయం 10:15

నది ఉంది. ఒక్కటే ఉంది. ముర్రే.

తూర్పున కొండల్లో పుట్టి, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల మధ్య సరిహద్దుగా నడిచి, చివరికి ఈ రాష్ట్రంలోకి వచ్చి సముద్రంలో కలుస్తుంది. అంటే సౌత్ ఆస్ట్రేలియాది తోక భాగం, మనకు కృష్ణా డెల్టా ఎలాగో అలా. పైవాళ్లు ఎంత వాడుకుంటే కిందవాళ్లకు అంత తక్కువ. ఒప్పందం ప్రకారం ఈ రాష్ట్రానికి రావలసింది ఏడాదికి 1,850 గిగాలీటర్లు. మన భాషలో చెప్పాలంటే సుమారు 65 టీఎంసీలు. అందులో 696 గిగాలీటర్లు, అంటే మూడో వంతుకు పైగా, దారిలో ఆవిరికీ, ఉప్పు పల్చబడటానికీ పోతుందని ముందే లెక్కలో రాసుకున్నారు. ఇక మిగిలిన నలభై టీఎంసీలే. మీ హంద్రీ-నీవాకు అనుకున్న నీళ్లెన్ని? అదే నలభై.

చీనీతోట
22 ఫిబ్రవరి, ఉదయం 10:40

హంద్రీ-నీవా నీళ్లతో ఒక రాష్ట్రమా!

రూపాయి లెక్క
22 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:30

రాష్ట్రం మొత్తం అంటే సరిగ్గా అనలేం. కొండల మీద చిన్న రిజర్వాయర్లు ఉన్నాయి, కొన్నిచోట్ల భూగర్భ జలం ఉంది. కానీ అడిలైడ్ తాగేదాంట్లో పెద్ద వాటా, కరువు ఏడాదైతే 90 శాతం దాకా, ముర్రే నుంచి పైపుల్లో వచ్చిందే. ఉక్కు ఊరు వయాల్లాకు 1944లోనే పైపు వేశారు. 2000లలో వచ్చిన పెద్ద కరువులో భయపడి సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు కట్టుకున్నారు. దాని సామర్థ్యం ఏడాదికి 100 గిగాలీటర్లు, మూడున్నర టీఎంసీలు. వానలు బాగుంటే దండగ అంటారు, లేకపోతే దేవుడంటారు.

అసలు విచిత్రం రైతు దగ్గర. ముర్రే ఒడ్డున రెన్‌మార్క్, బెర్రీ, లాక్స్‌టన్, వైకెరీ ఊళ్లున్న ప్రాంతాన్ని రివర్‌ల్యాండ్ అంటారు. అక్కడ వాన మహా అయితే 250, 260 మిల్లీమీటర్లు. 1887లో చాఫీ అన్నదమ్ములు కాలిఫోర్నియా నుంచి వచ్చి పంపులు పెట్టి నీళ్లు ఎక్కించాక పుట్టిన తోటలవి. ఇక్కడ నీటి హక్కు వేరు, భూమి హక్కు వేరు. భూమి ఉంచుకుని నీళ్లు అమ్మేయొచ్చు, నీళ్లు కొని పక్కవాడి తోటకు వాడొచ్చు. ధర రోజూ మారుతుంది, షేర్ల లాగా. 2008-09లో నది అడుగంటినప్పుడు ఇక్కడి రైతులకు వాళ్ల హక్కులో 18 శాతం నీళ్లే వదిలారు. డబ్బున్నవాడు బయట కొని చెట్లను బతికించుకున్నాడు. లేనివాడు సగం తోటకు నీళ్లు ఆపేశాడు.

నిశాచరి
22 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:42

మా ఊళ్లో ఈ పద్ధతి పెడితే మొదటి రోజే తూము దగ్గర తలలు పగులుతాయి.

చీనీతోట
22 ఫిబ్రవరి, రాత్రి 7:10

మా దగ్గర నీళ్లమ్ముకోవడం లేదని ఎవరన్నారు? 2002లో ట్యాంకరు నీళ్లు కొని చీనీ చెట్లకు పోసినోళ్లు ఎంతమంది. కాగితం లేదు, అంతే తేడా.

ఇంకో సందేహం. వాన ఇంత తక్కువ ఉన్న చోట, ఎక్కడిదాకా పంట వేయొచ్చు, ఎక్కడ వద్దు అని వాళ్లకెట్లా తెలిసింది? మా పెద్దోళ్లు వేసి, పోగొట్టుకుని నేర్చుకున్నారు.

మ్యాపుల మాష్టారు
23 ఫిబ్రవరి, ఉదయం 9:00

ఆహా, నేను చెప్పాలని ఎదురుచూస్తున్న కథ ఇది. వాళ్లూ పోగొట్టుకునే నేర్చుకున్నారు. కాకపోతే ఒకాయన ముందే చెప్పాడు, వినలేదు.

జార్జ్ గోయ్డర్ అని ఆ కాలనీకి సర్వేయర్ జనరల్. 1864, 65లో గట్టి కరువు. గొర్రెలు చచ్చిపోతున్నాయి, కౌలు తగ్గించమని జనం గోల. ఏ ప్రాంతం నిజంగా ఎండిందో చూసి రమ్మని ఆయన్ని పంపారు. గుర్రం మీద తిరిగాడు. అప్పటికి దశాబ్దాల వాన రికార్డులు లేవు కదా. ఆయన చూసింది మొక్కల్ని. ఒకరకం పొట్టి యూకలిప్టస్ పొదలు ఎక్కడ ఆగిపోయి, ఉప్పు నేలలో పెరిగే బూడిదరంగు పొదలు ఎక్కడ మొదలవుతున్నాయో అక్కడ గీత గీశాడు. గీతకు దక్షిణాన గోధుమ వేసుకోవచ్చు. ఉత్తరాన వద్దు, గొర్రెలు మేపుకోండి అన్నాడు. 1865లో గీసిన ఆ గీతను ఇప్పటికీ గోయ్డర్ లైన్ అంటారు. తర్వాత వందేళ్ల వాన లెక్కలు తీసి చూస్తే దాదాపు 250, 300 మిల్లీమీటర్ల గీత మీదే కూర్చుంది!

1870లలో వరసగా మంచి వానలు పడ్డాయి. జనం ఆయన్ని ఎగతాళి చేశారు. నాగలి పోయిన చోటికి వాన అదే వస్తుంది అనే నమ్మకం ఒకటి బయల్దేరింది. 1874లో ప్రభుత్వం ఆంక్ష ఎత్తేసింది. గీత దాటి ఊళ్లు, రైలు, రాతి ఇళ్లు. ఒక ఊరికి ఏకంగా ఫరీనా అని పేరు పెట్టుకున్నారు. లాటిన్‌లో పిండి అని అర్థం. గోధుమ పిండి కలలన్నమాట. 1880లు మొదలవుతూనే కరువు తిరిగొచ్చింది. జనం మళ్లీ దక్షిణానికి నడిచారు. ఫరీనాలో ఇప్పుడు పైకప్పులు లేని గోడలున్నాయి. ఏటా చలికాలంలో కొన్ని వారాలు మాత్రం స్వచ్ఛంద సేవకులు వెళ్లి అక్కడి నేలమాళిగలోని పాత పొయ్యిలో రొట్టెలు కాల్చి అమ్ముతారు. పిండి మాత్రం వేరే చోటి నుంచి తెచ్చుకుని.

సంతకం_సుబ్బు
23 ఫిబ్రవరి, ఉదయం 11:20

కథలు బాగున్నాయి గానీ, మొత్తమ్మీద ఆ రాష్ట్రం బతికేది వైన్ ఎగుమతి మీదే కదా. అది పడిపోతే అంతా పడిపోయినట్టే. అక్కడికి పిల్లల్ని పంపడం రిస్కు.

రూపాయి లెక్క
23 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:10

కాదు సుబ్బు గారూ. వైన్ ఈ రాష్ట్రానికి బొట్టు లాంటిది, కనిపించేది అదే. పొయ్యి మీద కుండ వేరే. రాగి, గోధుమ, బార్లీ, మాంసం. 1845లో బుర్రా అనే చోట దొరికిన రాగి ఈ కాలనీని దివాళా నుంచి బయటపడేసింది. ఇప్పుడు అడిలైడ్‌కు 560 కిలోమీటర్ల ఉత్తరాన ఒలింపిక్ డ్యామ్ గని ఉంది. పేరు చూసి ఆనకట్ట అనుకోకండి. రాగి, బంగారంతో పాటు యురేనియం. తెలిసిన యురేనియం నిల్వల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. అంతా గోయ్డర్ గీతకు పైన, ఎడారిలో.

దెబ్బలూ తిన్నారు. ఎలిజబెత్ అనే శివారులో హోల్డెన్ కార్ల ఫ్యాక్టరీ 2017 అక్టోబరు 20న మూతపడింది. ఆస్ట్రేలియాలో కార్ల తయారీయే ఆరోజుతో ఆగిపోయింది. వయాల్లా ఉక్కు కర్మాగారం సంగతి మొన్నే పేపర్లో చూసుంటారు, అప్పులపాలైతే ప్రభుత్వం నిర్వాహకుల చేతికి అప్పగించింది. ఇంకోవైపు బొగ్గు కరెంటు 2016లోనే పూర్తిగా ఆపేశారు. అదే ఏడాది సెప్టెంబరు 28న తుఫానుకు టవర్లు కూలి రాష్ట్రమంతా చీకటైంది. దేశమంతా నవ్వింది. మరుసటి ఏడాదే టెస్లా వాళ్లతో అప్పటికి ప్రపంచంలోనే పెద్ద బ్యాటరీ పెట్టించారు. ఇప్పుడు వాడే కరెంటులో మూడింట రెండు వంతులకు పైగా గాలి, ఎండ నుంచే.

ఇక మనకు నేరుగా తగిలే పంట ఒకటి. యార్క్ ద్వీపకల్పం చుట్టుపక్కల మసూర్ పప్పు బాగా పండిస్తారు. ఎర్రపప్పు. కొనే దేశాల్లో మనది ముందు వరసలో ఉంటుంది. మీ వంటింట్లో ఉన్న ప్యాకెట్టు ఆ నేలదే అయినా ఆశ్చర్యం లేదు.

వైన్ పడిపోలేదని మాత్రం అనను. చైనా ఒక్కటే ఏడాదికి 100 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ఆస్ట్రేలియా వైన్ కొనేది. 2020 నవంబరులో మొదలుపెట్టి 218 శాతం దాకా సుంకం వేసింది. అమ్మకం ఒక్కసారిగా ఆగిపోయింది. 2024 మార్చి చివర్లో సుంకం ఎత్తేసినా అప్పటికే తొట్లన్నీ ఎర్ర వైన్‌తో నిండి ఉన్నాయి. జనం తాగడం కూడా తగ్గింది. బరోసా, కూనవారా లాంటి పేరున్న చోట్ల కొంత తట్టుకున్నారు. దెబ్బంతా రివర్‌ల్యాండ్‌కి. ఎర్ర ద్రాక్ష టన్ను 150 డాలర్లకు కూడా అమ్ముకున్నారు. అందులో ఖర్చు సగం కూడా రాదు.

మనవైపు సంగతి ఏమిటంటే, 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందంలో మన 150 శాతం దిగుమతి సుంకాన్ని, అయిదు అమెరికా డాలర్లు దాటిన సీసాకు 100కి, పదిహేను దాటితే 75కి తగ్గించారు. పదేళ్లలో ఇంకా తగ్గాలి. చైనా ఖాళీని మనం నింపుతామన్న ఆశ ఇక్కడ ఉంది. నాకైతే లేదు. బీరూ విస్కీల దేశం మనది.

చీనీతోట
23 ఫిబ్రవరి, రాత్రి 8:00

టన్ను 150 డాలర్లు అంటే కిలో ఎనిమిది రూపాయలు. చీనీ ధర పడిపోయినప్పుడు మా పరిస్థితీ ఇంతే. కాయ చెట్టు మీదే వదిలేసిన రోజులున్నాయి, కోత కూలి దండగ అని. అంత దూరంలో కూడా రైతు కథ మారలేదన్నమాట.

వరంగల్ టు వింటేజ్
23 ఫిబ్రవరి, రాత్రి 10:45

అక్కడ కూడా వదిలేసిన్రు అన్నా. కొందరు చెట్లే పీకేసిన్రు. 1980లలో ప్రభుత్వమే డబ్బులిచ్చి ద్రాక్ష పీకించిందంట, అప్పుడు పోయిన ముసలి షిరాజ్ గురించి బరోసాలో ఇప్పటికీ బాధపడతరు. కొన్నేళ్లకే ఎర్ర వైన్‌కు గిరాకీ లేచింది మరి.

రివర్‌ల్యాండ్‌లో పంజాబీ రైతులు చాలామంది. గ్లాసప్ అనే చిన్న ఊర్లో గురుద్వారా ఉంది. నేను ఆకలితో పోయి తిన్న.

ఆ మాట ఎందుకొచ్చిందంటే, అక్కడ ఒక లేబర్ కాంట్రాక్టరు దగ్గర మూడు వారాలు కత్తిరింపుల పని చేసిన. చెట్టుకింత అని లెక్క. వ్యాను కిరాయి, గది కిరాయి అని కోసుకుంట పోయి చివరికి చేతిలో పెట్టింది పెట్రోలుకు సరిపోలే. అది నా మొదటి చలికాలం, రూల్స్ తెలియవు. 2022 ఏప్రిల్ నుంచి పండ్లు, కూరగాయల తోటల పనిలో చెట్టు లెక్కన ఇచ్చినా గంటకు కనీస వేతనం తగ్గకూడదని రూల్ వచ్చింది. ఎవరైనా స్టూడెంట్స్ చదువుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి, గంటలు రాసిపెట్టుకోండి.

మోడరేటర్
24 ఫిబ్రవరి, ఉదయం 8:00

మద్యం మంచిదా చెడ్డదా అంటూ వచ్చిన ఆరు పోస్టులు వేరే థ్రెడ్‌కు మార్చాం. ఇక్కడ నేల, నీళ్లు, పంట, ఉద్యోగాల గురించి మాట్లాడుకుందాం.

చీనీతోట
24 ఫిబ్రవరి, రాత్రి 7:30

ఇంకొక్కటి అడిగి ఊరుకుంటా. ఆ కూనవారా ఏమిటి? ఎర్రనేల అని ఎక్కడో చూసినా.

మ్యాపుల మాష్టారు
24 ఫిబ్రవరి, రాత్రి 9:20

ఆగ్నేయ మూలన, విక్టోరియా సరిహద్దు దగ్గర. పదిహేను కిలోమీటర్ల పొడవు, ఒకటి రెండు కిలోమీటర్ల వెడల్పున్న ఎర్రమట్టి పట్టీ. పైన జానెడో మూరెడో ఎర్రమట్టి, దాని కింద సున్నపురాయి. దాని కింద నీళ్లు. పట్టీ దాటితే నల్లమట్టి, నీళ్లు నిలుస్తాయి, ద్రాక్షకు పనికిరాదు. ఆ పట్టీ గీత ఎక్కడిదాకా అని ఏళ్ల తరబడి గొడవలు పడ్డారు. మీదీ ఎర్రనేలే, కానీ కింద సున్నపురాయి కాదు, బండ. బోరు వేసినప్పుడు మీకే తెలిసుంటుంది.

చీనీతోట
24 ఫిబ్రవరి, రాత్రి 9:34

తెలుసు మాష్టారూ. ఎనిమిది వందల అడుగులు తెలుసు.

గోదారమ్మాయి
11 మే 2025, సాయంత్రం 4:20

పాత థ్రెడ్ లేపుతున్నా. బాబాయ్ గారూ, మీ అమ్మాయి వాళ్లు వచ్చారా? ఇక్కడ ఏడాదికి పైగా వానలు మొహం చాటేశాయి. పొలాలున్న చాలాచోట్ల ఇంత తక్కువ వాన రికార్డుల్లోనే లేదంట. గొర్రెలకు గడ్డి వేరే రాష్ట్రాల నుంచి లారీల్లో తెప్పిస్తున్నారు. కొండల మీద మా సహోద్యోగి ఇంట్లో వాననీటి ట్యాంకు అడుగంటి, నీళ్ల లారీకి వారాల తరబడి ఎదురుచూసింది.

చీనీతోట
12 మే, ఉదయం 6:30

వచ్చినారమ్మా, ఏప్రిల్ చివర్లో. అమ్మాయికి ల్యాబ్ టెక్నీషియన్ పనికి రెండు ఇంటర్వ్యూలు అయినాయి. కరువు సంగతి తను చెప్పలేదు. నాకు చెప్తే దిగులు పడతానని కాబోలు. నీళ్ల లారీ కోసం ఎదురుచూడటం మా ఇంట్లో చూసిన పిల్లే కదా.

గోదారమ్మాయి
12 మే, ఉదయం 9:05

ల్యాబ్ పని దొరుకుతుంది బాబాయ్ గారూ. ఆదివారం మా ఇంటికి భోజనానికి రమ్మనండి. నా నంబరు మెసేజ్‌లో పంపుతున్నా.

చీనీతోట
20 జులై 2025, రాత్రి 7:50

అందరికీ నమస్కారం. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. నిన్న శనివారం గోదారమ్మాయి వాళ్లతో కలిసి బరోసా పోయినారంట. అల్లుడు ఫోటో కోసం తోటలోకి అడుగు పెట్టబోతే అక్కడి పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టినాడంట. కోపంగా కాదు, బోర్డు చూపించి. బూట్ల మట్టితో ఫిలాక్సెరా అనే పురుగు వస్తుందంట కదా. వేళ్లు తినేది.

మ్యాపుల మాష్టారు
20 జులై, రాత్రి 8:25

అవునండీ. ఐరోపా తోటల్ని తుడిచిపెట్టిన పేను అది. పక్కనే విక్టోరియాలోకి 1877లో వచ్చింది. వీళ్లు 1899లోనే చట్టం చేసి, బయటి మొక్క, మట్టి రానివ్వకుండా ఆపారు. ఇప్పటిదాకా రాష్ట్రంలో అడుగు పెట్టలేదు. అందుకే ఆ ముసలి చెట్లు అంటు లేకుండా సొంత వేళ్ల మీద ఉన్నాయి. మీ అల్లుడు గారు నొచ్చుకోకూడదు.

చీనీతోట
20 జులై, రాత్రి 9:10

నొచ్చుకోలేదు. రోడ్డు మీద నుంచే ఫోటోలు తీసి పంపినాడు. నేను పెద్దది చేసి చూసినా. ఆకు ఒక్కటి లేదు. కత్తిరింపులు అప్పుడే అయినట్టున్నాయి, కోసిన చోట ఇంకా తెల్లగా ఉంది. కొమ్మకు రెండు కన్నులే ఉంచినారు. వరస మొదట్లో గులాబీ చెట్టు ఉంది. బూడిద తెగులు ముందు దానికే కనబడుతుందని పెడతారంట. ఆ గులాబీకి కూడా డ్రిప్ పైపు వేసినారు.

పైపు చివర మాత్రం కారుతోంది. అల్లుడికి చెప్పినా, ఆ పెద్దాయనకు చెప్పమని.